మా ఇంటికి ఫ్యాను వచ్చిన ఏడాది

సత్యనారాయణపురంలో మా ఇల్లు ఎట్టకేలకు బిల్డరుకి ఇచ్చేశాం. అమ్మ పోయి ఏడాది దాటింది, అన్నదమ్ములం ముగ్గురం మూడు ఊళ్లలో ఉన్నాం, ఇంకా ఎవరి కోసం ఉంచాలి అనుకున్నాం. సామాను ఖాళీ చేయించే పని నా నెత్తిన పడింది. పోయిన నెల వెళ్లి వీధి గది తాళం తీశానో లేదో, గుప్పుమని ఆ వాసన. కిరసనాయిలు, నల్ల ఇంకు, చెమ్మెక్కిన కాగితం, మూడూ కలిసిన వాసన. నాన్న ప్రెస్సు ఆ గదిలోనే ఉండేది. కాలితో తొక్కి అచ్చువేసే ట్రెడిల్ మిషను అమ్మేసి పాతికేళ్లు పైమాటే. గోడలకి ఎన్నిసార్లు సున్నం కొట్టారో లెక్క లేదు. అయినా గచ్చులోకి ఇంకిపోయిందేమో, నాలుగు రోజులు తలుపులు మూసి ఉంచితే చాలు మళ్లీ లేస్తుంది.

మధ్య గదిలో ఫ్యాను ఇంకా వేలాడుతోంది. చాక్లెట్ రంగు, ఒక రెక్క కొంచెం కిందికి వంగి ఉంటుంది. అది తిరగడం మానేసి చాలా ఏళ్లయింది, అమ్మ మాత్రం తీయనివ్వలేదు. "మీ నాన్న మోజుపడి కొన్నది, ఉండనీ" అనేది. మోజుపడి కొన్న మాట నిజమే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం మా ఇంట్లో పైకి ఎవరూ అనేవారు కాదు, ఒక్క మామయ్య తప్ప. దానికి ఆయన పెట్టిన పేరు 'ఇరవై సూత్రాల ఫ్యాను'.

ఎమర్జెన్సీకి 50 ఏళ్లు నిండాయని మొన్న టీవీల్లో, పేపర్లలో బోలెడు చర్చలు జరిగాయి. ఢిల్లీలో ఏం జరిగిందో వాటిలో చాలామంది చెప్పారు. మా వీధిలో ఏం జరిగిందో నేను చెబుతాను. నిజానికి పెద్దగా ఏమీ జరగలేదు. అందుకే ఇన్నేళ్లూ రాయకుండా ఊరుకున్నానేమో.

*

ముందు సంగతి కాస్త చెప్పాలి. నేను మూడో తరగతిలో ఉండగా జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. బెజవాడే దానికి నడిబొడ్డు. బడులు లేవు, కాలేజీలు లేవు, బస్సులు లేవు. కర్ఫ్యూలు, కాల్పులు. సీఆర్పీ వాళ్లు లాఠీలు పట్టుకుని వీధి చివర నిలబడితే మేం కిటికీ చువ్వల్లోంచి చూసేవాళ్లం. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు. అదే ఏడాది ఆఖర్న జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రి అయ్యాక గొడవ చల్లారింది కానీ ధరలు మాత్రం చల్లారలేదు. డాల్డా దొరికేది కాదు. కిరసనాయిలుకి డబ్బాలు లైన్లో పెట్టి, డబ్బా దగ్గర నన్ను కాపలా పెట్టేవారు. మాకు కిరసనాయిలు వంటకే కాదు, ప్రెస్సులో అక్షరాలు కడగడానికి కూడా కావాలి, అది లేకపోతే పని ఆగిపోయేది. 'ఈ దేశానికి ఎవడో ఒకడు కొరడా పట్టుకుని రావాలి' అన్న మాట ఆ రోజుల్లో మా అరుగు మీద ఎన్నిసార్లు విన్నానో. అన్నవాళ్లంతా మంచివాళ్లే.

మామయ్య, అంటే అమ్మకి తమ్ముడు, లోకో షెడ్డులో ఫైర్‌మన్. బొగ్గు ఇంజన్ల కాలం. డ్యూటీ దిగి వస్తే కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనపడేవి కాదు, పెరట్లో గాబు దగ్గర సున్నిపిండి పెట్టి రుద్దుకునేవాడు. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. 17 లక్షల మంది ఉద్యోగులు, 20 రోజులు. పట్టాల పక్కన పుట్టి పెరిగిన మాకు రైలు కూత లేని రాత్రి ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. (ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు అంటున్నారే, అక్కడ మా చిన్నప్పుడు రైలు పట్టాలు ఉండేవి, గుడివాడ వైపు బండ్లు ఇళ్ల మధ్య నుంచే వెళ్లేవి.) సమ్మె ఆగింది, మామయ్య ఉద్యోగం పోయింది. క్వార్టరు ఖాళీ చేసి ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, గోడకి తగిలించుకునే సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ ఫొటో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ప్రెస్సులో బైండింగ్ పని చేస్తూ, కాగితం రీముల మీదే పడుకునేవాడు.

"బావా, నా భోజనం ఖర్చు రాసుకో, ఉద్యోగం వచ్చాక తీర్చేస్తా" అనేవాడు.

"రాస్తున్నాలే" అనేవాడు నాన్న. ఏ పుస్తకంలోనూ రాయలేదు.

*

1975 జూన్ 26, ఆ గురువారం పొద్దున బాగా గుర్తు. మరచెంబులో పాలు తెస్తున్నాను, రేడియో పెద్దగా పెట్టి ఉంది, అరుగు మీద నలుగురైదుగురు చేరారు. అత్యవసర పరిస్థితి ప్రకటించారని, భయపడాల్సింది ఏమీ లేదని ఇందిరాగాంధీ చెప్పినట్టు వార్తల్లో వచ్చింది. మామయ్య నోట్లో వేపపుల్ల అలాగే ఉంది.

"భయపడక్కర్లేదని రేడియోలో చెబుతున్నారంటే..." అని ఏదో అనబోయాడు.

"ముందు లోపలికొచ్చి కాఫీ తాగు" అన్నాడు నాన్న.

అంతకు ముందే ఉన్న యుద్ధకాలపు అత్యవసర పరిస్థితి ఇంకా ఎత్తేయలేదని, ఇది దాని మీద రెండోదని మా వీధిలో ఎవరికీ తెలిసినట్టు లేదు. మిగతా కథంతా తర్వాత పెద్దయ్యాక చదువుకున్నదే. జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చారు. ప్రభుత్వ ఉద్యోగిని ఎన్నికల పనికి వాడుకున్నారని, సభలకి వేదికలు, మైకులు యూపీ అధికారుల చేత పెట్టించారని అభియోగం. 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ సగం స్టే ఇచ్చారు. ప్రధానిగా ఉండొచ్చు, లోక్‌సభలో ఓటు మాత్రం వేయకూడదు. 25 సాయంత్రం రాంలీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) సభ. ఆ రాత్రే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టేశారు, మంత్రివర్గానికి తెల్లారాకే చెప్పారు. ఢిల్లీలో పేపర్ల ఆఫీసులున్న వీధికి కరెంటు తీసేశారు. జేపీ, మొరార్జీ దేశాయ్ తెల్లవారకుండానే అరెస్టు.

తుపాకీ పట్టుకుని వచ్చి గద్దె ఎక్కిన మనిషి అయితే మా వీధివాళ్లు తిట్టుకుని ఉండేవాళ్లు. ఈవిడ అలా రాలేదు కదా. 1971లో గరీబీ హటావో అని అడిగితే 352 సీట్లిచ్చి కూర్చోబెట్టారు జనం. అదే ఏడాది బంగ్లాదేశ్ యుద్ధం గెలిచింది. మా అమ్మ దేవుడి గూటి పక్కన ఆవిడ బొమ్మ ఉన్న క్యాలెండర్ ఏడాది అయిపోయినా తీయలేదు. "ఆడదని కాదూ అందరూ కలిసి మీద పడుతున్నారు" అనేది. అమ్మని తప్పుపట్టలేను. అప్పటివరకు ఆవిడ ఎరిగిన పెత్తనాల్లో ఆడమనిషి పెత్తనం అదొక్కటే.

*

వీధి చివర మంగలిషాపు మా ఊరి పార్లమెంటు. అక్కడ ఇద్దరు స్నేహితులు రోజూ కూర్చునేవాళ్లు, ఒకాయన రైటు కమ్యూనిస్టు (సీపీఐ), ఇంకొకాయన మార్క్సిస్టు (సీపీఎం). 1964లో పార్టీ చీలిపోయినా వీళ్లిద్దరి టీ మాత్రం చీలలేదు, వన్ బై టూ తాగేవారు. ఎమర్జెన్సీని సీపీఐ బలపరిచింది, సీపీఎం వ్యతిరేకించింది. బెజవాడ లాంటి ఊళ్లో దాని అర్థం ఏమిటంటే ఒకాయన దర్జాగా తన పార్టీ పేపరు విశాలాంధ్ర చదువుకుంటుంటే రెండో ఆయన కొన్నాళ్లు కనపడకుండా పోయాడు. మీసా కింద పట్టుకుంటారేమోనని కృష్ణ అవతలకి ఎటో వెళ్లిపోయాడని చెప్పుకున్నారు. మీసా అంటే ఏమిటని మేం అడిగితే, మంగలిషాపు ఆయన కత్తి సాన పడుతూ "మీసం తిప్పినోణ్ణి లోపలేసే చట్టంరా" అన్నాడు. చాలా రోజులు అదే నిజమనుకున్నాను, విచారణ లేకుండా లోపల వేసే చట్టమని తర్వాత తెలిసింది.

రైటు కమ్యూనిస్టు ఆయనకి ఆ రెండేళ్లూ వన్ బై టూ చెప్పే అవసరం రాలేదు. సగం గ్లాసు తాగి మిగతాది అలాగే బల్ల మీద పెట్టేసేవాడు. పార్టీ 1978లో భటిండా మహాసభలో ఎమర్జెన్సీని బలపరచడం పొరపాటని ఒప్పుకుందని చదివినప్పుడు నాకు ఆ సగం గ్లాసే గుర్తొచ్చింది.

పేపర్లు మొదటి రోజుల్లో సెన్సారుకి నిరసనగా కొన్నిచోట్ల జాగా తెల్లగా వదిలాయి, ఢిల్లీలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వేసింది. తర్వాత ఆ ఖాళీ కూడా వదలకూడదన్నారు. మా కంపోజింగ్ బాబాయి (అచ్చుకి అక్షరాలు పేర్చేవాడు, పేరు ఎందుకులెండి, అందరం బాబాయి అనే పిలిచేవాళ్లం) ఆ కబురు విని ఒకటే నవ్వు. "ఖాళీ అంటే ఉత్తినే వస్తుందనుకుంటారా బాబూ? దానికీ కంపోజింగ్ చెయ్యాలి" అని క్వాడ్లు తీసి నా చేతిలో పోశాడు. అక్షరం లేని సీసం ముక్కలు. అచ్చులో తెల్లగా రావాల్సిన చోటల్లా లోపల ఇవి బిగించి ఉంటాయి. బరువు అక్షరానికి ఉన్నంతా ఉంది.

*

ఇక ఫ్యాను సంగతి. జులై 1న ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించారు. రెండు వారాలు తిరక్కుండా మా ప్రెస్సుకి పని వచ్చి పడింది. నేను పుట్టాక అంత పని ఎప్పుడూ చూడలేదు. ఇరవై సూత్రాల గోడపత్రికలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు. తక్కువ మాట్లాడండి, ఎక్కువ పనిచేయండి అనే అట్టలు. ప్రతి కొట్టువాడూ సరుకుల ధరలు, నిల్వలు రాసి బయట తగిలించాలన్నారు, ఆ పట్టికలకి గళ్ల ఫారాలు కావాలి. వన్‌టౌన్ నుంచి, పటమట నుంచి కూడా కొట్లవాళ్లు వచ్చి క్యూ కట్టారు. రాత్రి పదకొండు దాకా ట్రెడిల్ చప్పుడు. నాన్న కుడి కాలు తొక్కుతూ, కుడి చేత్తో కాగితం పెడుతూ, ఎడం చేత్తో తీస్తూ ఉంటే నేను పక్కన నిలబడి ఆరబెట్టేవాణ్ణి. భూసంస్కరణలు, వెట్టిచాకిరి రద్దు, గ్రామీణ రుణాల మాఫీ... ఇరవై వరసగా అప్పజెప్పగలిగేవాణ్ణి. బడిలో వక్తృత్వ పోటీలో దాంతోనే ప్రైజు కొట్టాను.

సర్కారు బిల్లులు ఎప్పుడూ నెలల తరబడి తేలేవి కావు. ఆ ఏడాది టైముకి వచ్చాయి. ఆఫీసుల్లో గుమాస్తాలు పదింటికల్లా కుర్చీల్లో ఉంటున్నారు, జీటీ ఎక్స్‌ప్రెస్ గడియారం చూసుకుని వస్తోంది అని అందరూ చెప్పుకునేవారు. అబద్ధమేం కాదు. మామయ్య ఒక్కడే గొణిగేవాడు, "బండి టైముకే వస్తోంది, దానికి బొగ్గేసినోళ్లు ఎక్కడున్నారో అడగండి" అని. ఎవరూ అడగలేదు, ఆయన కూడా అరుగు మీద అనడం మానేసి పెరట్లోకి వచ్చాక అనేవాడు.

*

వర్షాలు బాగా పడుతున్న రోజులు. ఒకరోజు పొద్దున నాన్న క్రాపు చేయించుకుందామని మంగలిషాపుకి వెళ్లి, చేయించుకోకుండానే వచ్చేశాడు. మొహం పాలిపోయి ఉంది. రైల్వే స్టేషన్లో బెంచీల మీద రాత్రి ఎవరో కరపత్రాలు పడేసి వెళ్లారట, ఒకటి షాపు దాకా వచ్చింది. సమ్మెలో ఉద్యోగాలు పోయినవాళ్లని వెనక్కి తీసుకోవాలి, అరెస్టయిన వాళ్లని వదిలిపెట్టాలి, అలాంటి నాలుగు మాటలు. కింద ప్రెస్సు పేరు లేదు. మామూలుగా పెళ్లి కార్డుకైనా అడుగున సన్నగా ఒక లైను ఉంటుంది, ఫలానా ప్రెస్, విజయవాడ-11 అని. అప్పటి చట్టం ప్రకారం వేయాల్సిందే.

ప్రెస్సు పేరు లేకపోతేనేం. మూడో లైనులో 'స' అక్షరానికి తలకట్టు సగం విరిగి ఉంది. మా పన్నెండు పాయింటు కేసులో (ఆ సైజు సీసపు అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టె) అలాంటి 'స' ఒకటి ఉందని నాకే తెలుసు, ఎందుకంటే దాన్ని నేల మీద పడేసి విరగ్గొట్టింది నేనే, వీపు మీద ఒకటి పడింది కూడా.

నాన్న ఎవర్నీ ఏమీ అడగలేదు. బాబాయి వంక చూశాడు, మామయ్య వంక చూశాడు. ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక పన్నెండు పాయింటు కేసు మొత్తం గోనెసంచిలోకి బోర్లించాడు. తెలుగు కేసంటే మాటలా, గుణింతాలకీ వత్తులకీ అన్నిటికీ గళ్లు, ఆ సీసం అంతా ఒక మోపు. బాబాయి ఆ రాత్రి అక్కడే ఉన్నాడు.

"ఒక్క అక్షరం కోసం కేసంతా పారేస్తారేంటండీ? పొద్దున్నకల్లా నేను ఏరిస్తా కదా!"

"ఏరే టైము లేదు" అన్నాడు నాన్న.

సైకిలు క్యారేజీ మీద సంచి, అది జారకుండా పట్టుకోవడానికి వెనకాల నేను. గాంధీనగరం మీదుగా ఏలూరు కాలవ గట్టుకి వెళ్లాం. సన్నగా వాన. కాలవ నిండుగా పారుతోంది. సంచి మూతి విప్పి నాన్న గుప్పిళ్లతో తీసి పడేయడం మొదలుపెట్టాడు, ఒకేసారి వేస్తే చప్పుడవుతుందని. చిన్న వడగళ్లు పడ్డట్టు చప్పుడు. నేను కూడా వేశాను. ఇంటికి వచ్చేటప్పుడు "అమ్మతో చెప్పకు" అన్నాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

మర్నాడు మామయ్యని తెనాలి పక్క పల్లెకి, అమ్మమ్మ దగ్గరికి వెళ్లమన్నాడు. కోపంగా అనలేదు. "నీ కోసమేనయ్యా" అన్నాడు. మామయ్య ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే ఫెర్నాండెజ్ ఫొటో తీసి మడిచి బనీను లోపల పెట్టుకోవడం చూశాను. ఆ కరపత్రం వేసింది తనే అని గానీ, కాదని గానీ అనలేదు.

*

హెడ్ కానిస్టేబులు వచ్చింది మాఘమాసం ముందు. సైకిలు స్టాండు వేసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని "ప్రెస్సాయన ఉన్నాడా?" అన్నాడు. ట్రెడిల్ ఆగిపోయింది. నాన్న చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు, తుడిచిందే తుడుస్తూ. అమ్మ నన్ను లోపలికి లాగింది. తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, జేబులోంచి పసుపు రాసిన కాగితం తీశాడు.

"మా పెద్దమ్మాయి పెళ్లండీ. రెండొందల కార్డులు కావాలి. మీ దగ్గర అక్షరాలు నీటుగా ఉంటాయని చెప్పారు."

లగ్నపత్రిక. అంతే. కరపత్రం సంగతి ఆయన ఎత్తలేదు, ఆ తర్వాత కూడా మా ప్రెస్సుకి దాని గురించి అడగడానికి ఏ మనిషీ రాలేదు. పన్నెండు పాయింటు కేసు లేదు కాబట్టి కార్డు మొత్తం పద్నాలుగులో వేశారు. ప్రూఫు చూసి హెడ్డుగారు "అక్షరాలు మరీ లావైపోయాయేమో" అన్నాడు. నాన్న డబ్బులు తీసుకోలేదు. ఆయన వద్దంటూనే ఉన్నాడు, నాన్నే బలవంతంగా వెనక్కి ఇచ్చేశాడు. పెళ్లికి అందరం వెళ్లాం కూడా, బూరెలు బాగున్నాయి.

ఆ చలికాలంలోనే ఒకరోజు బాబాయి పనిలోకి రాలేదు. డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరి తీశారు. మర్నాడు వచ్చి, మామూలుగా స్టూలు లాక్కుని, ధరల పట్టిక కంపోజింగ్ చేశాడు. కందిపప్పు కిలో, పెసరపప్పు కిలో.

*

ఎండాకాలం రాకముందే ఫ్యాను కొన్నాం. బీసెంట్ రోడ్డులో కొని, నేనూ నాన్నా రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. అంతకుముందు మాకు తాటాకు విసనకర్రలే. బెజవాడ ఎండ సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, రాత్రి మంచాలన్నీ వీధిలో వేసుకుని, పక్కల మీద నీళ్లు చిలకరించుకుని పడుకునేవాళ్లం. ఫ్యాను వచ్చాక లోపల పడుకోవడం మొదలైంది. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి కింద కూర్చుని తలలు పైకెత్తి చూసేవాళ్లు.

మా వీధి ప్లీడరుగారు వకాల్తా ఫారాలు వేయించుకోవడానికి వచ్చి ఆ ఫ్యాను కింద కూర్చునేవారు. ఏప్రిల్ నెలాఖర్న ఒక సాయంత్రం ఆయన మామూలుగా లేరు. సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, జబల్‌పూర్ కేసు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం మీసా కింద లోపల వేసినవాడు కోర్టుకి వెళ్లి నన్నెందుకు పట్టుకున్నారని అడగడానికి లేదు. తొమ్మిది హైకోర్టులు అడగొచ్చని చెప్పినా సరే.

"ఖన్నా అనే జడ్జిగారు వాదనలప్పుడు అడిగారయ్యా, పోలీసువాడు కక్షతో మనిషిని చంపేస్తే అప్పుడు కూడా దిక్కు లేదా అని. ఎమర్జెన్సీ ఉన్నంతవరకు లేదని అటార్నీ జనరల్ చెప్పాడు." ఫ్యాను చప్పుడులో వినపడక నాన్న ముందుకి వంగాడు. ప్లీడరుగారు గొంతు పెంచలేదు. "ఐదుగురిలో ఆయనొక్కడే కాదన్నాడు."

నాన్న లేచి ఫ్యాను కట్టేశాడు. వినడానికి అనుకున్నాను. చాలాసేపటి దాకా మళ్లీ వేయలేదు. ఇద్దరూ చెమటలు కారుతూ అలాగే కూర్చున్నారు. జస్టిస్ ఖన్నా వంతు వచ్చినా ప్రధాన న్యాయమూర్తిని చేయలేదు, ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. అదీ ప్లీడరుగారే మరుసటి సంక్రాంతి తర్వాత వచ్చి చెప్పారు.

ఉత్తరాదిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పేరుతో జరిగిన ఘోరాలు మాకు అప్పట్లో పుకార్లుగానే తెలుసు. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయని తర్వాత లెక్కలు వచ్చాయి. మా వైపు అంత లేదు. కానీ మా బడిలో లెక్కల మాస్టారు క్లాసు మధ్యలో ఆపి, "ఒరే, మీ వీధిలో ముగ్గురు పిల్లలున్న రిక్షావాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి నా దగ్గరికి రమ్మనండ్రా" అనేవారు, అడుక్కుంటున్నట్టు. ఎందుకో మాకు తెలిసేది కాదు. కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం బొమ్మ బ్లాకు మాత్రం మా ప్రెస్సులో కూడా ఉండేది.

ఇంకొకటి. బెజవాడలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. నీళ్లు ఆగిపోయి అడుగు బయటపడుతుంది. పిల్లలం దిగి చిల్లర నాణేలు, చెంబులు ఏరుకునేవాళ్లం. ఆ సంగతి నాన్నకి వానాకాలంలో తట్టలేదు. ఏలూరు కాలవ కట్టేసిన రోజు నుంచి వారం పాటు పొద్దున్నే సైకిలేసుకుని గట్టు మీదకి వెళ్లి వచ్చేవాడు. ఒకరోజు నేనూ వెనక కూర్చున్నాను. గుర్రపుడెక్క ఎండి నల్లగా ఉంది, బురద పగుళ్లిచ్చింది, గేదెలు తిరుగుతున్నాయి. అక్షరం ఒక్కటి కనపడలేదు. సీసం కదా, లోపలికి దిగిపోయి ఉంటుంది. నాన్న కిందికి దిగి చెప్పుతో బురదని ఒకటి రెండు చోట్ల కెలికి చూసి పైకి వచ్చేశాడు.

*

1977 జనవరి 18న ఎన్నికలు ప్రకటించారు. ఎందుకు ప్రకటించారో ఇప్పటికీ ఎవరి వాదన వాళ్లది. గెలుస్తానని నమ్మకం అంటారు కొందరు, నాకూ అదే అనిపిస్తుంది. అందరూ మాట్లాడటం మానేస్తే బాగుందనుకుంటారు పైన కూర్చున్నవాళ్లు.

మా ప్రెస్సులో మళ్లీ పని. కాంగ్రెస్ గుర్తు ఆవు దూడ బ్లాకు, దాని పక్కనే జనతా గుర్తు చక్రంలో నాగలి పట్టిన రైతు బ్లాకు, రెండూ ఒకే అరలో. తల్లీకొడుకుల బొమ్మ అని ఆవు దూడ మీద జోకులు వేసేవారు, ఇప్పుడు గట్టిగానే వేసేవారు. మార్క్సిస్టు ఆయన మంగలిషాపుకి తిరిగొచ్చాడు, గడ్డం పెరిగి. ఇద్దరి మధ్యా గ్లాసు పెట్టి మంగలిషాపు ఆయన "ఇంక తాగండి" అన్నాడు.

ఫలితాల రాత్రి రేడియో చుట్టూ మూగాం. రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్లతో ఆవిడ ఓడిపోయారు. అమేథీలో కొడుకు సంజయ్ ఓటమి. యూపీలో 85కి 85, బీహార్లో 54కి 54 పోయాయి. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. మరి మన ఆంధ్రప్రదేశ్? 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా. ఈ సంగతి 50 ఏళ్ల చర్చల్లో మనవాళ్లెవరూ ఎక్కువ ఎత్తలేదు, గమనించారో లేదో. అందరం వీరులమే ఇప్పుడు. అడిగితే ప్రతి ఇంట్లోనూ ఎదిరించిన తాతయ్య ఒకరు ఉంటారు. మా నాన్న ఎవరికి వేశాడో చెప్పలేదు. అమ్మ ఆవు దూడకే వేశానంది, ఏడ్చింది కూడా. మరుసటి ఏడాది ఇందిరాగాంధీ కొత్త పార్టీకి చెయ్యి గుర్తు ఖాయం చేసుకున్నప్పుడు బెజవాడలోనే ఉన్నారని చెప్పుకుంటారు, ఆ సభకి కూడా అమ్మ వెళ్తానంటే నాన్నే తీసుకెళ్లాడు.

ప్లీడరుగారు మాత్రం రాజ్యాంగానికి 44వ సవరణ వచ్చినప్పుడు మైసూర్‌పాక్ పొట్లంతో వచ్చారు. ఎమర్జెన్సీ పెట్టడానికి కారణంగా ఉన్న 'అంతర్గత కల్లోలం' అనే మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టారని, మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితే తప్ప రాష్ట్రపతి సంతకం పెట్టకూడదని, ప్రాణానికి సంబంధించిన హక్కుని ఇక ఎప్పుడూ ఆపలేరని. ఒక్కొక్కటి చెప్పి ఒక్కొక్క ముక్క తిన్నారు.

మధు దండావతే రైల్వే మంత్రి అయ్యాక సమ్మెలో తీసేసినవాళ్లని మళ్లీ తీసుకున్నారు. మామయ్య లోకో షెడ్డుకి తిరిగొచ్చాడు. మొదటి జీతం పట్టుకుని మా ఇంటికి వచ్చి, "భోజనం ఖర్చు ఎంతయిందో చెప్పు బావా" అన్నాడు. నాన్న మాట్లాడకుండా మధ్య గదిలోకి రమ్మని ఫ్యాను వేశాడు. మామయ్య దాని వంక చూసి, "ఇరవై సూత్రాల ఫ్యానా?" అని, కుర్చీ తీసుకెళ్లి అరుగు మీద వేసుకున్నాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వచ్చిపోయాడు, మా పెళ్లిళ్లు చేయించాడు, నాన్న దినాలకి పది రోజులూ ఉన్నాడు. ఎప్పుడు వచ్చినా అరుగే. అమ్మ తాటాకు విసనకర్ర ఒకటి ఆయన కోసమని విడిగా ఉంచేది.

*

సామాను ఖాళీ చేసిన రాత్రి మామయ్యకి ఫోను చేశాను. 80 దాటాయి, తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. చెవి సరిగ్గా వినపడదు, అరిచి చెప్పాలి. ఇల్లు ఖాళీ అయిపోయిందని, ప్రెస్సు గదిలో ఇంకా వాసన వస్తోందని చెప్పాను. నవ్వాడు. ఇక ఇప్పుడైనా అడుగుదామని అడిగేశాను.

"మామయ్యా, ఆ స్టేషన్ కరపత్రం వేసింది నువ్వా, కంపోజింగ్ బాబాయా?"

కాసేపు ఏమీ వినపడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"ఫ్యాను ఏం చేశావురా?" అన్నాడు.

"పాత సామాన్లవాడికి ఇచ్చేశా."

"ఎంతకి?"

"మూడొందల యాభై."

"ఓరి నీ... లోపలంతా రాగి తీగరా దానికి. నిలువునా మోసపోయావ్" అన్నాడు.